పిడుదుల బాబాయ్, చలికాలపు సున్నాలు

మా పశువుల ఆసుపత్రిలో నేను చీటీల కిటికీ దగ్గర కూర్చుంటాను. పదహారేళ్ళుగా అదే కిటికీ, అదే స్టూలు. నా నోరు పెద్దదని అందరూ అంటారు. నేనూ కాదనను. కుక్కను చంకనేసుకుని వరస తప్పించి లోపలికి దూరబోయే పెద్దమనిషిని ఆపడం మెత్తటి మాటతో అయ్యే పనా? అలాంటి నేను ఒక చలికాలమంతా నోరు మూసుకుని కూర్చున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా పిడుదుల బాబాయ్ గురించి చెప్పాలి.

హాజరు పట్టీలో ఆయనకు లక్షణమైన పేరే ఉంది. ఆ పేరుతో పిలిచినవాళ్ళను మాత్రం నేను చూడలేదు. ఉద్యోగం అటెండరు. పని, కుక్కల ఒంటి మీద పిడుదులు తీయడం. గోమార్లని కూడా అంటారు కొందరు. రక్తం తాగి ఆముదం గింజలా ఉబ్బి చెవిలో వేలాడుతుంటాయే, అవి. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన అవే తీశాడు. డాక్టర్లు వచ్చారు, పోయారు. గోడలకు మూడుసార్లు రంగు మారింది. వెనక గదిలో పొట్టి ముక్కాలిపీట, దాని మీద బాబాయ్, ఎదురుగా ఏదో ఒక కుక్క. అది మాత్రం మారలేదు.

ఆయన పనితనం చూడాల్సిందే. కుక్కను బల్ల ఎక్కించనిచ్చేవాడు కాదు. "నన్ను ఎత్తి బల్ల మీద పడేస్తే నేనూ కరుస్తాను" అనేవాడు. కింద తెల్లటి గుడ్డ పరిచి, దాని మీద నిలబెట్టి, ముందు గడ్డం కింద గీరేవాడు. అది కళ్ళు అరమోడ్చే దాకా గీరేవాడు. ఆ తర్వాతే వెతుకులాట. ముందు చెవులు, తర్వాత మెడ ముడత, చంకలు, కాలివేళ్ళ సందులు, చివరకు తోక మొదలు. ఈ వరస ఎప్పుడూ తప్పలేదు. దొరికిన పిడుదును చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టుకుని, మెలి తిప్పకుండా, నిదానంగా తిన్నగా లాగేవాడు. అగ్గిపుల్లతో కాల్చామనో, కిరసనాయిలు పూశామనో ఎవరైనా అన్నారా, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే.

"నీ చెవికి అగ్గిపుల్ల అంటిస్తా, ఎలా ఉంటుందో చెప్పు" అని లేచేవాడు. కోపంలో మేమిద్దరం ఒక తానులో గుడ్డలం. అందుకే మాకు పడేది.

తీసిన పిడుదులను స్పిరిట్ పోసిన చిన్న గాజుసీసాలో వేసేవాడు. కుక్క నంబరు, తేదీ, ఎన్ని దొరికాయి అన్నది చిన్న కాగితం ముక్క మీద పెన్సిలుతో రాసి, ఆ ముక్కనూ సీసాలోకే జారవిడిచేవాడు. పెన్సిలుతోనే. ఆ విషయంలో బ్రహ్మదేవుడు చెప్పినా వినడు. ఒకప్పుడు కొత్తగా వచ్చిన ఒక కుర్ర డాక్టరు "ఇంకా పెన్సిలేమిటి, ఎలిమెంటరీ స్కూలా ఇది?" అని ఎగతాళి చేసి, తనే నీలం సిరాతో ఇరవై ముక్కలు రాసి సీసాల్లో వేశాడు. తెల్లారేసరికి ఇరవై సీసాల్లోనూ నీలం నీళ్ళు, తెల్ల కాగితాలు. ఏది ఏ కుక్కదో ఆ దేవుడికే తెలియాలి. సిరా స్పిరిట్‌లో కరిగిపోతుందని అంత చదువు చదివినవాడికి తోచలేదు. బాబాయ్ పెన్సిలు చెక్కి ఆ కుర్ర డాక్టరు బల్ల మీద పెట్టి వచ్చాడు, అంతే.

రెండేళ్ళ క్రితం ఇప్పటి డాక్టరమ్మ వచ్చింది. సన్నగా రివటలా ఉంటుంది కానీ పట్టుదల మనిషి. వచ్చిన వారానికే వెనక గదిలో అలమరా నిండా ఉన్న సీసాలు చూసి అక్కడే కూలబడింది.

"బాబాయ్, ఇన్నేళ్ళుగా ఇవన్నీ మీరే దాచారా?"

"పారేయడానికి మనసొప్పలేదమ్మా. ఎప్పటికైనా ఎవరైనా అడుగుతారని."

"నేను అడుగుతున్నాను" అంది ఆవిడ.

అలా మొదలైంది. ఏడాది పొడుగునా నెలకు ఇరవై కుక్కలు. పిడుదుల కోసం వచ్చినవే కాదు, కాలు విరిగి వచ్చినా సూదిమందుకు వచ్చినా సరే, వరసలో వచ్చిన ఇరవై కుక్కలనూ ఒళ్ళంతా వెతకాలి. దొరికినవి దొరికినట్టు సీసాలో వేయాలి, రిజిస్టర్లో ఎక్కించాలి. ఏ కాలంలో ఏ రకం పిడుదు ఎంత ఉంటుందో తేల్చి ఆవిడ ఒక వ్యాసం రాస్తుంది. అందులో బాబాయ్ పేరూ అచ్చవుతుంది. ఆ మాట విన్న రోజు ఆయన మధ్యాహ్నం క్యారేజీ విప్పడం మర్చిపోయాడు. "నా పేరా? పూర్తి పేరా?" అని రెండుసార్లు అడిగాడు.

డాక్టరమ్మ ఆయనకు మైక్రోస్కోపులో చూడటం నేర్పింది. మా దగ్గర ఎక్కువగా దొరికేవి రెండు రకాలు. ఒకటి గోధుమరంగుది, తల మొదలు ఆరు పలకలుగా ఉంటుంది. ఇంకొకటి పొట్టి మూతిది, మూతి పక్కలు బయటకు పొడుచుకొచ్చి ఉంటాయి. వాటి అసలు పేర్లు బాబాయ్ నాలుకకు లొంగలేదు. మొదటిది గోడ పగుళ్ళలో, గడప సందుల్లో గుడ్లు పెట్టి ఇంట్లోనే కాపురం చేస్తుంది కాబట్టి దానికి "ఇంటిది" అని, రెండోది గడ్డిపోచ మీద కూర్చుని దారిన పోయే కుక్క కోసం కాచుకుంటుంది కాబట్టి "గడ్డిది" అని పేర్లు పెట్టాడు. కొన్నాళ్ళకు డాక్టరమ్మ కూడా అలాగే అనసాగింది.

గోడ మీద పెద్ద కాగితం అంటించి నెలకో గీత గీసేవారు. ఇంటిదానికి గోధుమరంగు, గడ్డిదానికి ఆకుపచ్చ. ఎండలు ముదిరేకొద్దీ గోధుమరంగు గీతలు పైకి లేచాయి. వానలు పడగానే ఆకుపచ్చ కూడా తోడయింది. వానలు వెనకబట్టాక రెండూ దిగాయి. చలి మొదలయ్యేసరికి గీత గీయడానికే ఏమీ లేకుండా పోయింది. మూడు నెలలూ రిజిస్టర్లో దాదాపు అన్నీ సున్నాలే.

"చలికి ముడుచుకుని ఏ గోడలోనో పడుకున్నాయమ్మా. వాటికి మాత్రం చలి ఉండదా?" అన్నాడు బాబాయ్.

డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. చలికాలం మూడు నెలలూ పిడుదుల మందు అక్కర్లేదని వ్యాసంలో రాస్తానంది. ఆసుపత్రి బోర్డు మీద కూడా ఆ మాట రాయించడానికి సిద్ధమైంది.

ఆ సున్నాలు రాసింది నేను.

ఎలాగంటే, వానాకాలం చివర్లో ఒక రోజు బాబాయ్ కిటికీ దగ్గరికి వచ్చి, "చేతులు తడిగా ఉన్నాయమ్మాయ్, ఈ ముక్క కాస్త రాసిపెట్టు" అన్నాడు. రాశాను. మర్నాడూ చేతులు తడే. వారం గడిచినా ఆ చేతులు ఆరలేదు. ఆ తర్వాత రిజిస్టరు కూడా నా దగ్గరికే వచ్చింది. నేనేమన్నా పసిపిల్లనా అర్థం కాకపోవడానికి? చీటీని చెయ్యి చాచినంత దూరం పట్టుకుని, తల వెనక్కి వంచి చూసేవాడు.

"బాబాయ్, ఒకసారి కళ్ళు చూపించుకోరాదూ?"

"నా కళ్ళకేం? ఈ బల్బు గుడ్డిది."

"కొత్త బల్బు వేసి వారం కాలేదు."

"కొత్త బల్బులన్నీ ఇంతే. దమ్ముండదు."

బాబాయ్‌కి క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన ఆయన భార్య, పిన్ని కూడా నాతో అంది, "మీ బాబాయ్ నిన్న టీలో ఉప్పేసుకుని తాగాడే. బాగుందా అంటే, చాలా బాగుందన్నాడు." ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వి, ఆ సంగతి అక్కడే వదిలేశాం.

ఒకసారి మాత్రం ఆయనే నోరు విప్పాడు. నా వైపు చూడకుండా అన్నాడు. "ఈ ఒక్క ఏడాది గడవనీ అమ్మాయ్. కళ్ళు పోయాయని తెలిస్తే గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతారు. ముప్ఫై ఏళ్ళ పనిలో మొదటిసారి ఎవరో నా పేరు రాస్తానన్నారు." పెద్ద పిడుదులు చేతికి తగులుతాయి కదా, ఆయన వేళ్ళకు కళ్ళున్నాయి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పిల్ల పిడుదులు ఆవగింజలో సగం ఉండవని, వేళ్ళకు అవి తగలవని నాకూ తెలుసు. అయినా సర్దిచెప్పుకున్నాను.

చలి బాగా ముదిరిన రోజుల్లో, కుర్చీలు అల్లే ఆయన తన కుక్కను సూదిమందు కోసం తీసుకొచ్చాడు. దాని పేరు దొర. ఆ పేరు ఎవరు పెట్టారో కానీ సరిగ్గా పెట్టారు. ఎవరు పిలిచినా తల తిప్పదు, తనకు బుద్ధి పుడితే మాత్రం వచ్చి తొడ మీద గడ్డం ఆనిస్తుంది. కుర్చీలాయన పెళ్ళాం పోయి నాలుగేళ్ళు. పిల్లల్లేరు. పగలంతా వసారాలో ఆయన ప్లాస్టిక్ వైరు అల్లుతుంటే, దొర కుర్చీ కింద పడుకుని రాలిన ముక్కలు నములుతుంటుంది. ఇద్దరికీ ఒకరికొకరే దిక్కు.

చలికాలపు మూడో నెల వరసలో దొర ఇరవయ్యోది, ఆఖరిది. రాయడానికి రిజిస్టరు పట్టుకుని నేను వెనక గదికి వెళ్ళాను. బాబాయ్ చెవులు చూశాడు, మెడ చూశాడు, కాలివేళ్ళ మధ్య నిమిరాడు. ఒక చోట వేలు ఆగింది. "ఏదో గరగరలాడుతోంది" అన్నాడు. మళ్ళీ నిమిరి, "ఇసుకేలే" అన్నాడు. దొర కాలు లాక్కుని వేళ్ళ సందులు పరపరా కొరుక్కుంది. కింద తెల్లగుడ్డ మీద ఒక చుక్క రాలింది. ఆ చుక్క కదిలింది. నేను చూశాను.

కిటికీ దగ్గర జనం అరుస్తున్నారు. "ఏమీ లేవు, రాసెయ్యి" అన్నాడు బాబాయ్. సున్నా రాశాను.

మూడు వారాలకు కుర్చీలాయన దొరను దుప్పట్లో చుట్టి భుజాన మోసుకొచ్చాడు. ముక్కు నుంచి రక్తం కారుతోంది. చిగుళ్ళు సున్నం కొట్టినట్టు పాలిపోయాయి. ఆయన వరసలో నిలబడలేదు. నేనూ ఆపలేదు. డాక్టరమ్మ రక్తం తీసి చూసి, పిడుదుల జ్వరమంది. తర్వాత కాళ్ళు పరిశీలించి, వేళ్ళ సందుల నుంచి పదకొండు పిల్ల పిడుదులు తీసింది. అన్నీ ఇంటివే.

కుర్చీలాయన ఆవిడ రెండు చేతులూ పట్టుకుని అడిగాడు, "మొన్ననే కదమ్మా చూశారు, ఏమీ లేవన్నారు. మీరు లేవన్నారనే నేను వెతకలేదు."

డాక్టరమ్మ రిజిస్టరు తిప్పింది. దొర పక్కన సున్నా. "చూసినప్పుడు లేవు. ఆ మర్నాడే పట్టి ఉంటాయి" అని, తలుపు దగ్గర నిలబడిన బాబాయ్ వైపు తిరిగింది. "మీరు చూశారంటే చూసినట్టే కదా బాబాయ్?"

బాబాయ్ వెనక గదిలోకి నడిచాడు. పీట దగ్గరికి వెళ్ళి, తెల్లగుడ్డ మడత పెట్టి, సంచీ తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఏం పొడిచాను? ఊళ్ళో ఎవరి మీదైనా విరుచుకుపడే నా నోరు ఆ రోజు పెగల్లేదు. ఆ చుక్క గుడ్డ మీద నడుచుకుంటూ పోవడమే కళ్ళ ముందు.

రెండు రోజులు ఆయన రాలేదు. దొరకు గ్లూకోజు ఎక్కుతూనే ఉంది. కుర్చీలాయన దాని పక్కనే నేల మీద కూర్చున్నాడు. చేతులు ఖాళీగా ఉండటం అలవాటు లేక, గ్లూకోజు గొట్టాన్ని పట్టుకునే తాడును విప్పి మళ్ళీ అల్లుతూ కూర్చున్నాడు.

మూడో రోజు పొద్దున్నే నా కిటికీ ముందు వరస ఉంది. ఆ వరసలో ఒక పిల్లినెత్తుకున్న పెద్దావిడ వెనక బాబాయ్ నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసిన చోట, వచ్చేపోయేవాళ్ళలా వరసలో.

"చీటీ రాయమ్మాయ్."

"ఎవరికి?"

"నాకే. కళ్ళు కనపడట్లేదు."

"ఇది పశువుల ఆసుపత్రి బాబాయ్. పొద్దున్నే వేళాకోళమా?"

"చీటీ లేకుండా లోపలికి పంపనని అందరి మీదా అరుస్తావుగా. రాయి."

రాశాను. పెన్సిలుతోనే. కిటికీ మూసేసి, తిట్లు వినపడుతున్నా పట్టించుకోకుండా ఆయన వెనకే వెళ్ళాను.

డాక్టరమ్మ బల్ల మీద ఆ చీటీ పెట్టి బాబాయ్ చెప్పాడు. ముందే అనుకుని వచ్చినట్టున్నాడు, గబగబా చెప్పేశాడు. "దొరకి అప్పుడే ఉన్నాయమ్మా. నా వేలికి తగిలాయి. ఇసుక అన్నాను. ఒక్క దొరకే కాదు. చలికాలం మొత్తం నేను పెద్దవే తీశాను. చలికి పెద్దవి తగ్గుతాయి, అది నిజమే. పిల్లవి ఉన్నాయో లేవో నాకు తెలీదు. నాకు కనపడక లేవన్నాను. కంట్లో పొర వచ్చిందట. నిన్న చూపించుకున్నా."

డాక్టరమ్మ కోపం లేనట్టు నటించలేదు.

"ఏడాది పని బాబాయ్! బోర్డు మీద రాయించేదాన్ని. ఎంతమంది చూసి మందు మానేసేవాళ్ళు! ఒక్క మాట చెబితే నేనే చూసుకునేదాన్ని కదా."

"చెప్పాల్సింది" అన్నాడు బాబాయ్. ఇంకే సాకూ చెప్పలేదు.

ఆవిడ లేచి గోడ మీది కాగితం ముందు నిలబడింది. చివరి మూడు ఖాళీ గళ్ళ వైపు చూస్తూ, "ఇవి పనికిరావు. మళ్ళీ వచ్చే చలికాలం దాకా ఆగాలి" అంది. తర్వాత రిజిస్టరు మీద చెయ్యి వేసి అడిగింది. "ఈ రాత మీది కాదే?"

"నాదే" అన్నాడు బాబాయ్ వెంటనే. "చేతులు తడిగా ఉంటే నా రాత అలాగే ఉంటుంది."

నా రాత ఆవిడకు తెలియదా? రోజూ వంద చీటీలు చూస్తుంది. అయినా నా వైపు చూడలేదు. ఆయన నన్ను కాపాడుతున్నాడని ఆవిడకూ తెలిసింది, నాకూ తెలిసింది. నేను గుమ్మంలో స్తంభంలా నిలబడ్డాను.

అప్పుడే పక్క గదిలోంచి కుర్చీలాయన కేక వేశాడు. ఏమైందోనని ముగ్గురం పరుగెత్తాం. దొర లేచి నిలబడింది. నాలుగు కాళ్ళూ వణుకుతున్నాయి, కానీ నిలబడింది. గిన్నెలో నీళ్ళు తాగింది. తాగి, ఎవరూ పిలవకుండానే వచ్చి బాబాయ్ మోకాలికి గడ్డం ఆనించింది. ఆయన గీరలేదు. ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కుర్చీలాయన చాలాసేపు ఆయన మొహం చూసి, "గీరండి. వాడికి అలవాటు" అన్నాడు. బాబాయ్ అక్కడే కూలబడి ఏడ్చాడు. పెద్దవాళ్ళు ఏడుస్తుంటే చూడటం నా వల్ల కాదు. నేను రిజిస్టరు తీసుకుని వెనక గదిలోకి వచ్చేశాను.

కాసేపటికి ఆయనా వచ్చాడు, కళ్ళు తుడుచుకుంటూ.

"పెన్సిలు రాతే కదా బాబాయ్, రబ్బరుతో చెరిపేస్తాను. డాక్టరమ్మ ఎలాగూ ఆ మూడు నెలలూ తీసేస్తానంది" అన్నాను.

"చెరపకు. చెరిపితే మనం చూడనట్టు ఉంటుంది. మనం చూశాం, తప్పు చూశాం." సంచీలోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు. పెన్ను! ఆ గదిలో ఆయన పెన్ను పట్టుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. "ప్రతి సున్నా మీదా అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన 'కనపడలేదు' అని రాయి. లేకపోవడం వేరు, కనపడకపోవడం వేరు. నా తర్వాత ఈ పీట మీద కూర్చునేవాడికి ఆ తేడా తెలియాలి."

పీట లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. మొత్తం యాభై మూడు సున్నాలు. నేను నంబరు చదవడం, ఆయన "ఊఁ" అనడం, నేను గీత కొట్టి రాయడం. కనపడలేదు. కనపడలేదు. కనపడలేదు. మధ్యలో ఒకసారి "ఇది తోక తెగిన తెల్లకుక్క కదూ" అన్నాడు. ఒక్క కుక్కను కూడా ఆయన మర్చిపోలేదు.

చివరి సున్నా దగ్గరికి వచ్చాం. దొరది. గీత కొట్టాను. పెన్ను అక్కడే ఆగింది.

"రాయమ్మాయ్. కనపడలేదు అని."

"అది నీ మాట బాబాయ్" అన్నాను. "నాకు కనపడింది. గుడ్డ మీద కదిలింది. నేను చూశాను."

ఆయన ఆ సగం చూపుతోనే నా మొహంలోకి చూశాడు. చూసి, నెమ్మదిగా తల ఊపాడు.

ఆ గీత పక్కన నేను నా పేరు పూర్తిగా రాశాను. దాని కింద, "చూశాను, చెప్పలేదు" అని రాసి, రిజిస్టరు పట్టుకుని డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాను.